సోమశిల నుంచి గుండ్లకమ్మ దాకా: నీటి లోతుకు తగిన క్రాంక్‌బైట్ ఎంపిక, దానిని లాగే తీరు

క్రాంక్‌బైట్ అనే చేప ఆకారపు కృత్రిమ ఎరను (లూర్‌ను) కొనేటప్పుడు చాలామంది ముందుగా దాని రంగును, కళ్లను, ఒంటిమీది పొలుసుల గీతలను చూస్తారు. నిజానికి చూడవలసింది దాని మూతి దగ్గర అమర్చి ఉండే పలకను. లిప్ అని పిలిచే ఆ పలక పొడవు, వెడల్పు, వాలు అనే మూడూ కలిసి ఆ లూర్ నీటిలో ఎంత లోతుకు దిగుతుందో, ఎంత బలంగా ఊగుతుందో నిర్ణయిస్తాయి. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ, రామతీర్థం వంటి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల జలాశయాలలో నీటి మట్టం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది కనుక, డిసెంబరులో ఒకచోట బాగా పనిచేసిన లూర్ ఏప్రిల్‌లో అదే చోట రాళ్లలో ఇరుక్కుపోవచ్చు. అందువల్ల ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: అడుగు ఎంత లోతున ఉన్నదో తెలియకుండా క్రాంక్‌బైట్‌ను ఎంచుకోకూడదు, ఎంచుకున్న లూర్ ఆ అడుగును తాకుతున్నదో లేదో గమనించకుండా రీల్ (దారం చుట్టుకునే చక్రం) తిప్పకూడదు.

లిప్ చేసే పని

క్రాంక్‌బైట్ అంటే తేలికైన చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చేప ఆకారపు లూర్. రీల్ తిప్పడం మొదలుపెట్టగానే ఎదురుగా వచ్చే నీరు లిప్ మీద ఒత్తిడి తెచ్చి లూర్‌ను కిందికి దింపుతుంది. అదే నీరు లిప్ అంచుల మీదుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు జారిపోవడం వల్ల లూర్ అటూ ఇటూ ఊగుతుంది. కర్రు వాలును బట్టి నాగలి చాలు లోతు మారినట్టే, లిప్ వాలును బట్టి లూర్ దిగే లోతు మారుతుంది. లిప్ పొట్టిగా ఉండి నిటారుగా కిందికి వంగి ఉంటే లూర్ తక్కువ లోతులోనే వెడల్పుగా ఊగుతూ వస్తుంది. లిప్ పొడవుగా ఉండి లూర్ శరీరానికి దాదాపు సమాంతరంగా ముందుకు చాచి ఉంటే ఎక్కువ లోతుకు దిగుతుంది. లోతుకు దిగే లూర్‌లలో దారం కట్టే రింగు సాధారణంగా మూతి మీద కాక లిప్ మీదనే, కాస్త ముందుకు ఉంటుంది. ఈ గుర్తులు తెలిస్తే డబ్బా మీద ఏమీ రాయని లూర్ చేతిలో పెట్టినా అది ఏ లోతుకు పనికివస్తుందో సుమారుగా చెప్పవచ్చు.

లిప్ చివర గుండ్రంగా కాక చతురస్రంగా కోసినట్టు ఉండే స్క్వేర్‌బిల్ రకం సుమారు 5 అడుగుల లోపు నీటికి సరిపోతుంది. ఆ చతురస్రపు మూలలు రాయికో మోడుకో తగిలినప్పుడు లూర్‌ను పక్కకు తిప్పివేస్తాయి. గాలాలు చిక్కుకోకుండా చాలావరకు కాపాడేది అదే. మధ్యరకం లూర్‌లు 6 నుంచి 10 అడుగుల వరకు, పెద్ద లిప్ ఉన్నవి 12 అడుగులు మొదలుకొని 20 అడుగుల వరకు దిగుతాయి. లిప్ లేని క్రాంక్‌బైట్లు మరొక జాతి. వాటిని కొన్ని కంపెనీలు లోపల గుళ్లు పోసి, కదిలినప్పుడల్లా గలగల శబ్దం వచ్చేలా తయారుచేస్తాయి. అవి తేలవు, మునుగుతాయి. కనుక వాటి లోతు మీరు ఎంతసేపు ఆగారన్న దాని మీద, ఎంత వేగంగా లాగారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ రాపాలా 1936లో బెండుతో చెక్కిన లూర్ దెబ్బతిన్న చిన్న చేపలా ఊగుతూ ఈదేది. ఆయన పేరుతో నడుస్తున్న కంపెనీ ఇప్పుడు డీటీ అనే వరుసలో అమ్మే క్రాంక్‌బైట్లకు లోతునే పేరుగా పెట్టింది: డీటీ 6 అంటే 6 అడుగులు, డీటీ 10 అంటే 10 అడుగులు. ఇది కొత్తవారికి ఎంతో సౌకర్యం. అయితే ఏ కంపెనీ డబ్బా మీద రాసిన లోతైనా పొడవైన విసురుకు, ఒక మాదిరి దారానికి వర్తించే లెక్క అని గుర్తుంచుకోవాలి. గట్టు మీద నిలబడి 15 మీటర్లు విసిరిన వ్యక్తికి డీటీ 10 లూర్ 10 అడుగులు దిగదు.

అడుగు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం

పడవ, లోతును చూపే సోనార్ యంత్రం ఉన్నవారికి ఈ పని సులువు. గట్టు మీద నుంచి గాలం వేసే మనలో చాలామందికి మాత్రం అంతకంటే మంచి అవకాశం ఒకటి ఎండాకాలం ఇస్తున్నది. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం. పై నుంచి వచ్చే నీటితో, ఆ వానలతో నిండిన జలాశయాలు సాగుకు, తాగునీటికి నీరు వదిలేకొద్దీ మే నెలకు బాగా తగ్గిపోతాయి. అప్పుడు బయటపడిన నేలమీద ఒక సాయంత్రం నడిచి చూడండి. రాతి గుట్టలు, నరికిన తుమ్మ మోడులు, పాత పొలాల గట్లు, పాడుబడ్డ బావి ఒరలు, వాగు పాయ మలుపులు, మునిగిపోయిన బండి దారి అన్నీ కళ్లముందు ఉంటాయి. చేపలు పొంచి ఉండేది వాటి దగ్గరనే. ఒక్కొక్క దానిని ఫోన్‌లో ఫోటో తీసి, మ్యాపులో గుర్తు పెట్టుకోండి. బురద గట్టిపడని చోట మాత్రం అడుగు పెట్టవద్దు, పైకి ఎండినట్టు కనిపించే ఒండ్రు మోకాలి దాకా దింపేస్తుంది.

ఆ గుర్తులను లోతుగా మార్చే లెక్క చాలా తేలిక. పెద్ద జలాశయాల నీటి మట్టాన్ని నీటిపారుదల శాఖ రోజూ ప్రకటిస్తుంది. మీరు నడిచిన రోజున ఒక రాతి గుట్ట సరిగ్గా నీటి అంచున ఉన్నదనుకోండి. ఆనాటి మట్టాన్ని రాసిపెట్టుకోండి. జనవరిలో మట్టం అంతకంటే 3 మీటర్లు పెరిగి ఉంటే ఆ గుట్ట మొదలు ఇప్పుడు సుమారు 10 అడుగుల నీటి కింద ఉన్నదని అర్థం. గుట్ట ఎత్తు మూడు అడుగులైతే దాని తల 7 అడుగుల లోతున ఉంటుంది. ఆ రోజు మీ పెట్టెలోంచి తీయవలసింది 8 లేదా 10 అడుగుల లూర్. ఈ ఒక్క లెక్కను అలవాటు చేసుకున్న వ్యక్తికి, రంగుల మీద వేలు ఖర్చు పెట్టిన వ్యక్తికంటే ఎక్కువ చేపలు పడతాయని నేను నమ్ముతున్నాను.

మట్టాలు ప్రకటించని ఊరి చెరువుల్లో దారానికి సీసపు గుండు కట్టి చూసుకోవాలి. గుండును విసిరి, అది అడుగుకు చేరి దారం వదులయ్యే వరకు ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. అదే గుండును ముందుగా లోతు తెలిసిన చోట, ఉదాహరణకు తూము పక్కన ఉండే కొలబద్ద దగ్గర వదిలి చూసుకుంటే సెకనుకు ఎన్ని అడుగులు దిగుతుందో తెలుస్తుంది. తర్వాత గుండును నేలమీద మెల్లగా ఈడ్చుకుంటూ వస్తే బురద మెత్తగా, కంకర గరగరమంటూ, రాళ్లు టకటకమంటూ గాలపు కర్ర ద్వారా చేతికి తెలుస్తాయి. తెప్ప మీద వెళ్లే జాలరి పెద్దలు బారల లెక్కన లోతు చెబుతారు; బార అంటే సుమారు 6 అడుగులు. వారు చెప్పే లోతులను గౌరవంగా విని రాసుకోవడం మంచిది, ఎందుకంటే వలలు వేసి వేసి వారికి తెలిసిన అడుగు మరెవరికీ తెలియదు.

ఇక్కడే మరొక మాట. చెరువుల్లో, జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సహకార సంఘాలదో, పాట పాడుకున్నవారిదో అయి ఉంటుంది. ముందుగా వారిని అడిగి, అనుమతి తీసుకున్నాకే గాలం వేయాలి. నీటిమీద బెండ్లు వరుసగా తేలుతున్నాయంటే కింద వల ఉన్నట్టే. ఆ దిక్కుకు క్రాంక్‌బైట్ విసరనే కూడదు. రెండు ట్రెబుల్ గాలాలు (మూడు మొనల గాలాలు) వలలో పడితే ఒక కుటుంబం ఆ రోజు సంపాదన చిరిగిపోతుంది.

లోతుకు లూర్‌ను జతచేయడం

సామాన్యమైన సూత్రం ఏమిటంటే, అడుగు ఎంత లోతున ఉన్నదో అంతకంటే ఒకటి రెండు అడుగులు ఎక్కువ దిగే లూర్‌ను ఎంచుకోవాలి. 8 అడుగుల నీటికి 10 అడుగుల లూర్ అన్నమాట. అప్పుడు లిప్ అప్పుడప్పుడూ నేలను తాకి, బురదను చిన్న మేఘంలా లేపి, రాయికి తగిలి పక్కకు తప్పుకుంటుంది. ఒకే దారిన నిలకడగా ఈదుకుంటూ వచ్చే దానిని చూసి కదలకుండా ఉండిపోయిన చేప, అది హఠాత్తుగా దారి తప్పిన క్షణంలోనే దూకి అందుకుంటుంది. నీటి మధ్యలో దేనికీ తగలకుండా వచ్చే క్రాంక్‌బైట్ మీద కూడా చేపలు పడతాయి కాని, అలా పడేవి తక్కువ.

అడుగున నాచు, తామర కాడలు, తూటికాడ వంటివి ఉన్నచోట సూత్రం తిరగబడుతుంది. అక్కడ నేలను కాక మొక్కల తలలను అడుగుగా భావించి, వాటిపైన ఒక అడుగు ఎత్తున వచ్చే లూర్‌ను ఎంచుకోవాలి. 6 అడుగుల నీటిలో 3 అడుగుల ఎత్తు నాచు ఉంటే పనికివచ్చేది స్క్వేర్‌బిల్ లేదా లిప్ లేని రకం. గుర్రపుడెక్క పూర్తిగా కప్పేసిన చోట క్రాంక్‌బైట్‌ను వాడకండి. అక్కడ గాలాలు పైకి దాగి ఉండే రబ్బరు కప్ప ఒక్కటే సరైనది.

గట్టు మీద నుంచి విసిరేవారు మరొక చిక్కును అర్థం చేసుకోవాలి. క్రాంక్‌బైట్ నీటిలో పడిన వెంటనే పూర్తి లోతులో ఉండదు. విసిరిన దూరంలో సుమారు మొదటి మూడో వంతు దిగడానికే పోతుంది, మధ్యలో కొంత దూరం పూర్తి లోతులో ఉంటుంది, మన దగ్గరికి వచ్చేకొద్దీ దారం కోణం నిటారై పైకి లేస్తుంది. అడుగు మాత్రం గట్టు నుంచి లోపలికి పోయేకొద్దీ లోతవుతుంది. కట్ట నుంచి 25 మీటర్ల దూరంలో 15 అడుగులు, 10 మీటర్ల దూరంలో 6 అడుగులు నీరు ఉన్నదనుకుందాం. 10 అడుగుల లూర్‌ను 25 మీటర్లు విసిరితే అది సుమారు 17 మీటర్ల దూరానికి వచ్చేసరికి పూర్తిగా దిగుతుంది. అక్కడ అడుగు కూడా 10 అడుగులే కనుక నేలను తాకుతుంది, అక్కడి నుంచి పైకి లేస్తున్న నేలను రాచుకుంటూ వస్తుంది. ఇదే చోట 20 అడుగుల లూర్ వేస్తే అది దిగుతున్న వేగంలోనే రాళ్లను గుద్దుకొని, కాసేపటికే రాతి పేర్పు సందులో చిక్కుకుంటుంది. అందుకే గట్టు మీద నుంచి వేసేవారికి మిక్కిలి లోతుకు దిగే లూర్‌లు పెద్దగా పనికిరావని నా అభిప్రాయం. ఒక స్క్వేర్‌బిల్, ఒక 10 అడుగుల లూర్, ఒక లిప్ లేని లూర్ ఉంటే మన జిల్లాల జలాశయాల్లో ఏడాదంతా గడిచిపోతుంది.

ఈ చిక్కుకు రెండో పరిష్కారం కట్టకు ఎదురుగా కాక కట్ట వెంబడి విసరడం. నీటి అంచుకు నాలుగైదు మీటర్ల దూరంలో, కట్టకు సమాంతరంగా లూర్ పడేలా విసిరితే అది వచ్చే దారంతా ఇంచుమించు ఒకే లోతు ఉంటుంది, లూర్ కూడా ఆ లోతులోనే ఎక్కువసేపు ఈదుతుంది. తర్వాతి విసురు మరొక రెండు మీటర్లు లోపలికి, ఆ తర్వాతిది ఇంకొంచెం లోపలికి వేస్తూ పోతే చేపలు ఏ లోతున ఉన్నాయో బయటపడుతుంది. చేప పడిన దూరాన్ని గుర్తుపెట్టుకొని కట్ట పొడవునా అదే దూరంలో వేసుకుంటూ నడవాలి.

దారం సంగతి కూడా లోతులో భాగమే. దారం మందంగా ఉంటే నీటి రాపిడి పెరిగి లూర్ తక్కువ దిగుతుంది. అంతే బలమున్న, పోగులు అల్లి చేసిన బ్రెయిడ్ దారం, మనం తంగూసు అని పిలుచుకునే మోనో కంటే చాలా సన్నం కనుక లూర్‌ను ఎక్కువ లోతుకు పోనిస్తుంది. ఫ్లోరోకార్బన్ అనే మరొక రకం దారం నీటిలో మునుగుతుంది, మోనో దాదాపు తేలుతుంది. కనుక 4 అడుగుల నీటిలో లూర్‌ను పైపైన నడపాలంటే మందపాటి మోనో మంచిది. 12 అడుగులకు దింపాలంటే సన్నటి ఫ్లోరోకార్బనో బ్రెయిడో కావాలి. కర్ర కొన కూడా సాయపడుతుంది: దానిని నీటికి ఆనించి లాగితే లూర్ రెండు మూడు అడుగులు ఎక్కువ దిగుతుంది, తలపైకి ఎత్తి పట్టుకుంటే అంతే పైకి వస్తుంది.

లాగే తీరు

వేగంగా తిప్పితే లూర్ ఎక్కువ లోతుకు పోతుందని చాలామంది అనుకుంటారు, కాని దానికి ఒక హద్దు ఉంది. ప్రతి లూర్‌కూ తగిన వేగం ఒకటి ఉంటుంది. దానిని దాటితే అది పక్కకు ఒరిగి, ఒక్కోసారి నీటి పైకి తన్నుకొస్తుంది. ఆ వేగాన్ని తెలుసుకోవడానికి లూర్‌ను కాళ్ల దగ్గర నీటిలో వేసి, కర్రతో మెల్లగా, తర్వాత కాస్త వేగంగా లాగి చూడండి. ఊపు స్పష్టంగా, నిలకడగా ఉన్న వేగమే దాని వేగం. కర్ర కొన ద్వారా చేతికి అందే ఆ కంపాన్ని గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నీటి కింద జరిగేదంతా ఇక మీకు ఆ కంపం ద్వారానే తెలుస్తుంది. కంపం ఆగిపోతే ఆకో నాచో తగిలినట్టు. గట్టిగా ఒకసారి టక్కుమంటే రాయి. కంపం ఉన్నట్టుండి మెత్తబడినా, దారం వదులైనా చేప నోట్లో పెట్టుకొని మీవైపు వస్తున్నట్టు అనుమానించాలి.

5 అడుగుల లోపు నీటిలో స్క్వేర్‌బిల్‌ను మధ్యస్థ వేగంతో లాగుతూ, కావాలనే మోడుల మీదికి, రాళ్ల మీదికి నడపాలి. తగిలిన క్షణంలో రీల్ తిప్పడం ఒక సెకను ఆపండి. తేలే లూర్ కనుక అది తోక పైకెత్తి వెనక్కి, పైకి జరిగి అడ్డును దాటుతుంది. ఆ ఆగిన సెకనులోనే చేప కొట్టడం తరచుగా జరుగుతుంది. తగలగానే కంగారుపడి కర్రను గట్టిగా లాగితే మాత్రం గాలాలు మోడులోకి దిగిపోతాయి. కొరమేను ఎక్కువగా ఈ లోతులోనే ఉంటుంది. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చే చేప కనుక కలుపు అంచుల్లో, నీడ ఉన్నచోట్ల అది నోరు తెరిచి మునిగినప్పుడు లేచే బుడగలు కనిపిస్తాయి. ఆ బుడగల మీదనే విసరకుండా రెండు మీటర్లు అవతల వేసి, వాటి పక్కగా లాగుకొని రావాలి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. తల్లిదండ్రులు ఆకలితో కాక పిల్లలను కాపాడుకోవడానికి లూర్‌ను కొడతాయి. వాటిని పట్టుకుంటే ఆ పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

6 నుంచి 10 అడుగుల నీటిలో లూర్ పడగానే కర్ర కొనను కిందికి వంచి, నాలుగైదు సార్లు రీల్‌ను వేగంగా తిప్పి లూర్‌ను దింపాలి. నేల తగిలిందని తెలియగానే వేగం తగ్గించి, అప్పుడప్పుడూ తగులుతూ ఉండేంత మాత్రమే తిప్పాలి. ఎడతెగకుండా నేలను గీసుకుంటూ వస్తుంటే లూర్ ఎక్కువ లోతుది అయిందన్నమాట. కర్ర కొనను కొద్దికొద్దిగా ఎత్తుతూ సర్దుకోవాలి. గట్టు దగ్గరికి వచ్చేకొద్దీ నేల కూడా పైకి వస్తుంది కనుక ఈ ఎత్తడం ఎలాగూ తప్పదు. ఒకే వేగంతో లాగి ఫలితం లేకపోతే, ఆరేడు చుట్లకు ఒకసారి ఆపి, మళ్లీ రెండు చుట్లు వేగంగా తిప్పి చూడండి. వాలుగ వంటి చేపలు సాయంకాలం, తెల్లవారుజాము వేళల్లో వాగు పాయ అంచుల వెంట తిరుగుతాయి. పాయ అంచును అడ్డంగా దాటేలా విసిరి, లూర్ మెరక మీద నేలను తాకి, అంచు దాటి లోతులోకి వచ్చి, ఏమీ తగలని ఖాళీలోకి అడుగుపెట్టే చోట ఒక్క క్షణం ఆపాలి. నా అనుభవంలో ఆ అంచుకు మించిన చోటు లేదు.

12 అడుగులకు మించిన లోతు పడవ నుంచో, కొండ అంచు నేరుగా నీటిలోకి దిగిన చోటనుంచో మాత్రమే సాధ్యం. ఇక్కడ విసురు ఎంత పొడవైతే అంత మేలు, ఎందుకంటే పెద్ద లిప్ ఉన్న లూర్ దిగడానికే చాలా దూరం తీసుకుంటుంది. నీటి నిరోధం చేతులను అలసటకు గురిచేస్తుంది కనుక హ్యాండిల్ ఒకసారి తిప్పితే దారం చుట్టి ఉండే స్పూల్ సుమారు 5 సార్లు తిరిగే నెమ్మది రీల్ వాడాలి. కొందరు రీల్‌తో కాక కర్రను పక్కకు నెమ్మదిగా ఈడుస్తూ లూర్‌ను నడిపి, తర్వాత వదులైన దారాన్ని చుట్టుకుంటారు. లోతైన రాళ్ల మీద ఇది చాలా మంచి పద్ధతి, ప్రతి రాయీ చేతికి విడివిడిగా తెలుస్తుంది. నడి ఎండాకాలంలో కదలిక లేని నీటి అట్టడుగున ప్రాణవాయువు తగ్గిపోతుంది కనుక, లోతు ఉన్నంత మాత్రాన చేప అక్కడ ఉంటుందని అనుకోకూడదు. మధ్య లోతుల్లో, నీరు వచ్చే కాలువ మొగల దగ్గర, గాలి అలలు కొట్టే గట్టున వెతకడం మేలు.

లిప్ లేని లూర్‌కు లెక్కపెట్టడమే లోతు. నీటిలో పడగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కిస్తూ అడుగు చేరేవరకు ఒకసారి ఆగి చూడండి. 8కి నేల చేరితే, తర్వాతి విసురులో 6కే లాగడం మొదలుపెట్టాలి, ఆ తర్వాత 4కు. నాచు తలలకు తగిలి చిక్కుకున్నప్పుడు కర్రను చురుగ్గా పైకి కుదిపి విడిపించండి. లోతైన చోట కర్రను రెండడుగులు ఎత్తి, దారం బిగువుగా ఉంచుతూనే లూర్‌ను మళ్లీ కిందికి జారనివ్వాలి. చేప ఎక్కువగా ఆ జారుతున్నప్పుడే అందుకుంటుంది కనుక దారాన్ని పూర్తిగా వదులు చేయకూడదు.

చేప కొట్టినప్పుడు కర్రను తలపైకి గుంజడం అలవాటైన వారు ఇక్కడ దానిని మానుకోవాలి. రీల్ తిప్పడం ఆపకుండా కర్రను పక్కకు ఈడిస్తే చాలు, చిన్న ట్రెబుల్ గాలాలు వాటంతట అవే దిగుతాయి. గట్టిగా గుంజితే అవి నోటిని చీల్చుకొని ఊడివస్తాయి. బిగుసుకుపోయే కర్ర కంటే మధ్యదాకా వంగే 7 అడుగుల కర్ర ఈ పనికి అనువు. సాగని బ్రెయిడ్ దారం వాడేవారు రీల్‌లో దారం బిగువును సర్దే డ్రాగ్‌ను కొంచెం వదులుగా పెట్టుకోవాలి.

రంగు, ఊపు, సరిచూపు

రంగు గురించి నాలుగు మాటలు చాలు. నీరు తేటగా ఉంటే వెండి, పచ్చ, గోధుమ వంటి సహజ రంగులు. వానలకు ఎర్రబారిన నీటిలో నిమ్మపండు పసుపు, నారింజ, నలుపు. కలక నీటిలో వెడల్పుగా ఊగేవి, శబ్దం చేసేవి చేపకు తెలుస్తాయి; తేట నీటిలో, డిసెంబరు జనవరి చలి ఉదయాల్లో సన్నగా వణికేవి మేలు. సోమశిల నుంచి కాలువ ద్వారా కండలేరుకు చేరే నీరు అక్కడ నిలిచి తేటపడుతుంది కనుక, వాగు నీరు నేరుగా దిగే చోటుకూ జలాశయం నడిభాగానికీ ఒకేరోజు రెండు వేర్వేరు లూర్‌లు అవసరం కావచ్చు.

లూర్ తిన్నగా రాకుండా ఒక పక్కకు పోతుంటే అది చెప్పిన లోతుకు ఎన్నటికీ దిగదు. మీవైపు వస్తున్న లూర్ మీ ఎడమకు పోతుంటే, దానిని మూతి మీవైపు ఉండేలా పట్టుకొని, దారం కట్టే రింగును చిన్న పట్టకారుతో మీ కుడివైపు వెంట్రుకవాసి వంచండి. నీటిలో లాగి చూసి, మళ్లీ కొద్దిగా వంచండి. ఒకేసారి ఎక్కువగా వంచితే రింగు వదులై లూర్ పాడవుతుంది. రాళ్లకు తగిలిన ప్రతిసారీ ఈ సరిచూపు అవసరమవుతుంది, గాలాల మొనలను కూడా అప్పుడే గోరుమీద గీసి చూసుకోవాలి. మొన గోరుమీద జారిపోతే అది చేప నోట్లోనూ జారిపోతుంది.

చిక్కుకున్న లూర్‌ను లాగి తెంపుకోకండి. ముందు దారం వదులు చేసి తేలనివ్వాలి. రాకపోతే చిక్కుకున్న దిక్కుకు ఎదురుగా నడిచి అటునుంచి లాగాలి. అప్పటికీ రాకపోతే బరువైన సీసపు గుండును ఒక రింగుకు తగిలించి దారం వెంట జార్చితే అది లూర్ మూతిని కొట్టి వెనక్కి నెడుతుంది. బ్రెయిడ్ దారాన్ని వట్టి చేతికి చుట్టుకొని లాగితే వేళ్లు తెగుతాయి, కర్ర ముక్కకు చుట్టి లాగాలి. తూము గేట్ల దగ్గర, నీరు వదిలే కాలువ నోటి దగ్గర చిక్కుకున్న లూర్ కోసం మాత్రం నీటిలోకి దిగనే వద్దు.

ఉప్పుటేరులో అయితే

కృష్ణపట్నం వైపు మడ చెట్ల మధ్య పారే ఉప్పుటేరుల్లో, పెన్న ముఖద్వారంలో పండుగప్ప కోసం క్రాంక్‌బైట్ వేసేవారికి కొన్ని మార్పులు అవసరం. రేవు పరిధిలోని నిషిద్ధ స్థలాలకు పోకూడదు. ఇక్కడ లోతును నిర్ణయించేది నెల కాదు, గంట: పోటు మీద 7 అడుగులున్న పాయలో పాటు ముగిసేసరికి 3 అడుగులే మిగలవచ్చు. అందుకని రెండు లోతుల లూర్‌లను చేతిలో ఉంచుకొని, నీరు దిగేకొద్దీ మార్చుకోవాలి. నీరు వెనక్కి తీసేటప్పుడు చిన్న పాయ పెద్ద పాయలో కలిసే మూల దగ్గర పండుగప్ప మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి కాచుకొని ఉంటుంది. లూర్‌ను చిన్న పాయలోకి విసిరి, ప్రవాహం వెంట కొట్టుకువస్తున్న చేపలా, ఆపుతూ ఆపుతూ లాగాలి. ప్రవాహంతో పాటు లాగేటప్పుడు లిప్ మీద ఒత్తిడి తగ్గుతుంది కనుక రీల్‌ను కొంచెం వేగంగా తిప్పకపోతే లూర్ దిగదు. ప్రవాహానికి ఎదురు లాగేటప్పుడు నెమ్మదిగా తిప్పినా దిగుతుంది.

ఉప్పు నీరు బరువు కనుక తేలే లూర్ మంచినీటిలో కంటే త్వరగా పైకి లేస్తుంది, నీటిలో నిలిచి ఉండేలా చేసిన లూర్ కూడా మెల్లగా పైకి వస్తుంది. పొట్ట దగ్గరి గాలానికి సన్నటి సీసపు తీగను ఒకటి రెండు చుట్లు చుట్టి ఆ తేడాను సరిచేసుకోవచ్చు. పండుగప్ప మొప్పల పలక అంచు కత్తిలా ఉంటుంది, దవడ ఆకురాయిలా రాస్తుంది. కనుక లూర్‌కు ముందు 40 పౌన్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ లీడర్‌ను రెండు మూడడుగులు కట్టి, లూర్ స్వేచ్ఛగా ఊగడానికి చివర చిన్న స్నాప్ (తెరిచి మూసే కొక్కెం) పెట్టాలి. మందపాటి ఇనుప తీగ లూర్ ఊపును చంపేస్తుంది. మంచినీటి లూర్‌లతో వచ్చే సన్నటి గాలాలు పండుగప్ప బరువుకు తెరుచుకుంటాయి కనుక వాటిని తీసి మందపాటివి వేసుకోవాలి. బరువు పెరిగి లూర్ ఊపు మారిందేమో మళ్లీ కాళ్ల దగ్గర నీటిలో లాగి చూసుకోవాలి. ఇంటికి రాగానే లూర్‌లను, రింగులను, పట్టకారును మంచినీటితో కడిగి, నీడలో పూర్తిగా ఆరిన తర్వాతే పెట్టెలో సర్దాలి. ఉప్పు తడి ఉన్న ఒక్క లూర్ పెట్టెలో ఉన్నా మిగిలిన గాలాలన్నీ తుప్పు పడతాయి.